గాజుతొట్టి ముందు కెమెరా

చైనాలో, జపాన్‌లో బంగారు చేపలను శతాబ్దాల పాటు పైనుంచే చూశారు. పింగాణీ గంగాళాల్లో, తోట కొలనుల్లో పెంచేవాళ్లు కాబట్టి పైనుంచి చూస్తే ముచ్చటేసే చేపలనే ఏరి పిల్లలు పెట్టించారు. జపాన్ రాంచూ చేపను ఎంచేటప్పుడు వీపు వెడల్పునూ తోక విచ్చుకున్న తీరునూ చూడటం అలా వచ్చిందే. యూరప్‌లోనైతే సముద్ర జీవులను ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో పడి ఉన్నట్టు, లేదా నీటి మీద తేలుతున్నట్టు గీసేవారు. అక్వేరియం వచ్చాకే మనిషి చూపు నీటిలోపలికి, చేప కళ్ల ఎత్తుకు దిగిందని జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ ఒక వ్యాసంలో వివరించాడు.

ఆ మార్పుకు కొద్ది సంవత్సరాలే పట్టాయి. మొక్కలు, నత్తలు, చేపలు కలిసి ఉంటే తొట్టిలో నీరు చెడకుండా నిలుస్తుందని రాబర్ట్ వారింగ్టన్ 1850లో ప్రకటించాడు. 1853 మేలో లండన్ రీజెంట్స్ పార్క్ జూలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ రంగుల బొమ్మలతో వెలువడింది. ఇంగ్లండ్ ఇళ్లలో గాజుతొట్లు పెట్టుకోవడం ఒక మోజైపోయింది.

చేపను పక్క నుంచి చూపించడం మాత్రం శాస్త్రవేత్తలకు అప్పటికే అలవాటు. దానికి గొప్ప ఉదాహరణ మన విశాఖపట్నంలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఇక్కడి తీరంలో దొరికిన చేపలను స్థానిక చిత్రకారుడితో గీయించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. మొత్తం రెండు వందల చేపలు. వాటికి ఇక్కడి జనం పిలిచే పేర్లను కూడా రోమన్ లిపిలో చేర్చాడు. రెక్కలు, పొలుసులు లెక్కపెట్టేందుకు, ఒంటి పక్కన ఉండే గీతను చూసేందుకు వీలుగా చేప పక్కకు తిరిగి ఉంటుంది, వెనక ఖాళీ కాగితం. కెమెరా వచ్చాక కూడా చాలాకాలం ఫొటోగ్రాఫర్లు ఈ చట్రాన్నే పట్టుకున్నారు.

కెమెరాకు చేప అంత సులువుగా చిక్కలేదు. 1852లో మోంటిజోన్ ప్రభువు లండన్ జూలో ఓబేష్ అనే నీటిగుర్రాన్ని ఫొటో తీశాడు. అది కొలను గట్టున కదలకుండా పడుకుని ఉంది కాబట్టి బొమ్మ స్పష్టంగా వచ్చింది. కొన్ని సెకన్ల పాటు వెలుతురు పడితేగానీ బొమ్మ దిగని ఆ రోజుల్లో, క్షణం నిలవని చేపను పట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తొట్టిలో బతికున్న చేపల ఫొటోల కోసం చేసిన ప్రయోగాలను ఆర్. డబ్ల్యూ. షూఫెల్ట్ 1899 నాటి అమెరికా మత్స్య కమిషన్ బులెటిన్‌లో వివరించాడు. 1902లో జోర్డాన్, ఎవర్‌మాన్ ప్రచురించిన అమెరికా చేపల గ్రంథానికి ఎ. రాడ్‌క్లిఫ్ డగ్‌మోర్ ప్రాణంతో ఉన్న చేపల ఫొటోలు ఇచ్చాడు.

ఈ రోజు అక్వేరియం ఫొటోలకు చెప్పే ప్రాథమిక సూత్రాల్లో సగానికి పైగా గాజూ నీరూ పెట్టిన షరతులే. కెమెరాను గాజుకు సమాంతరంగా ఉంచమంటారు. ఏటవాలుగా పెడితే కాంతి గాజులో, నీటిలో వంగి చేప అంచులు చెదిరిపోతాయి, అంచుల వెంట రంగులు విడిపోతాయి. నీటి వక్రీభవన గుణకం 1.33. అందుకే నేరుగా చూసినా తొట్టి లోతు నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. లోతు చూపించాలంటే ముందు, మధ్య, వెనక అని పొరలు కట్టక తప్పదు. గదిలో దీపాలార్పి, లెన్సును గాజుకు దగ్గరగా తెచ్చేది ఫొటోగ్రాఫర్ ప్రతిబింబం గాజు మీద పడకుండా. వెలుగు పైనుంచి రావాలనడంలో ఇంకో సొగసు ఉంది. చాలా చేపలకు వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉండేది పైనుంచి పడే ఎండకు సరిపడేలాగే. ముందు నుంచి ఫ్లాష్ కొడితే పొలుసులు అద్దంలా మెరిసి ఒంటి రంగు మాయమవుతుంది. ఇక కంటి మీద ఫోకస్, చేప వెళ్లే వైపు కాస్త ఖాళీ వదలడం అన్ని జంతువుల ఫొటోలకూ వర్తించేవే.

అభిరుచిగా చేపలు పెంచేవారికి ఈ విద్యను దగ్గర చేసినవారిలో ఫిలడెల్ఫియా ముద్రాపకుడు విలియం ఇన్నెస్‌ను మొదట చెప్పుకోవాలి. 1932లో ‘ది అక్వేరియం’ పత్రిక మొదలుపెట్టాడు. స్వయంగా ఫొటోలు తీసి, 1935లో ‘ఎగ్జాటిక్ అక్వేరియం ఫిషెస్’ పుస్తకం తెచ్చాడు. మరుసటి ఏడు నియాన్ టెట్రా అనే చేపకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు అందులో ఆయన పేరునే చేర్చారు. అప్పటికి మసాచుసెట్స్‌లో హెరాల్డ్ ఎడ్గర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్ మీద పని చేస్తున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది సామాన్యుల చేతికి వచ్చాక, చేప కదలిక అంత పెద్ద అడ్డంకి కాకుండా పోయింది.

అయినా అంతవరకూ ఫొటోలో చేపే నాయకుడు. తొట్టి మొత్తాన్ని ఒక దృశ్యంగా చూపించినవాడు తకాషి అమానో. 1954లో నిగాటాలో పుట్టాడు, వృత్తిరీత్యా సైకిల్ పందేలు ఆడాడు, అడవులను భారీ ఫిల్ము కెమెరాలతో తీశాడు. 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థ పెట్టాడు. తొట్టి ముందు కూడా పెద్ద కెమెరానే నిలబెట్టాడు. ఆయన ఇవాగుమి అనే రాతి అమరికలో రాళ్లు బేసి సంఖ్యలో ఉంటాయి. పెద్ద రాయి మధ్యలో కాకుండా, పొడవును సుమారు 5:8గా విడగొట్టే చోట నిలుస్తుంది. మట్టి వెనక్కి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది, తెల్ల ఇసుక బాట వెనక్కి పోతూ సన్నబడుతుంది. చిన్న టెట్రాల గుంపు పక్కన రాయి కొండంత అనిపిస్తుంది. అరడుగు లోతున్న చోట మైలు దూరం కనిపించేలా చేయగలగడమే ఆయన గొప్పతనం.

2001లో ఆయన సంస్థ మొదలుపెట్టిన అంతర్జాతీయ పోటీలో న్యాయనిర్ణేతలు తొట్టి దగ్గరికి వెళ్లరు. ముందు నుంచి తీసిన ఫొటోనే చూసి మార్కులు వేస్తారు. దాంతో తొట్టిని కెమెరా కోసమే అమర్చే కళ పుట్టింది. ఫొటోకు ముందు పైపులు తీసేస్తారు, కొందరు హెయిర్ డ్రయ్యర్‌తో గాలి ఊది నీటి మీద చిరు అలలు లేపుతారు. ఫొటోలు అద్భుతంగా ఉంటాయి, అందులో సందేహం లేదు. కానీ ఆ ఒక్క రోజు తప్ప ఆ తొట్టి ఎలా ఉండేదో వాటిలో కనబడదు. అమానో పుస్తకాల్లో ఫొటో పక్కనే తొట్టి కొలతలు, దీపాలు, మొక్కల పేర్లు ఉండేవి. ఇంట్లో తొట్టి ఉన్నవారు ఆ పద్ధతినే పట్టుకోవాలి. ఎదురుగా నిలబడి, ఒకే చోటు నుంచి నెలకోసారి ఫొటో తీసి, కింద తేదీ, కొలతలు, చేపల పేర్లు రాసి ఉంచండి.