గుండమ్మ ఆస్తి, తాతయ్య ఎడ్లు

మొన్న ఆదివారం టీవీలో మళ్ళీ గుండమ్మ కథ వేశారు. నందిగామ నుంచి మా మేనత్త వచ్చి ఉంది. ఇద్దరం గోరుచిక్కుళ్ళు ముందేసుకుని కూర్చున్నాం. ఈనెలు తీస్తూ తీస్తూ అత్తయ్య, "అసలు ఆ ఇంట్లో లక్ష్మికి వాటా లేదంటావే?" అంది.

ఎన్నిసార్లు చూశానో, నాకెప్పుడూ ఆ సందేహం రాలేదు. మీకొచ్చిందా? 1962 నాటి విజయా వారి సినిమా. సూర్యకాంతం సవతి కూతురు సావిత్రి చేత ఇంటెడు చాకిరీ చేయిస్తుంటే మనం నవ్వుకుంటూ చూసేస్తాం. కానీ హిందూ వారసత్వ చట్టం 1956లోనే వచ్చింది. గుండమ్మ భర్తది స్వార్జితమై, ఆ తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, భార్యకు, కొడుక్కి, ఇద్దరు కూతుళ్ళకు తలా ఒక పాలు. అంటే పిండి రుబ్బే లక్ష్మి పావు వంతు యజమానురాలన్నమాట! పిత్రార్జితమైతే లెక్క వేరు. అందులో పుట్టుకతో హక్కు కొడుకుదే.

ఆ రుబ్బురోలు దగ్గరే ఆడవాళ్ళ గురించి పాట పాడిన ఎన్టీఆర్ ముఖ్యమంత్రయ్యాక ఆ లెక్క మార్చాడు. పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు, 1985 సెప్టెంబరు 5 నుంచి. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారి పట్టాయి. అయితే ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించదు. అత్తయ్య పెళ్ళి 1984 మేలో.

మా తాతయ్యకు ఎడ్ల పందేల పిచ్చి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. పేరు తాతయ్యది, ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టేది మాత్రం పెళ్ళి కాకముందు అత్తయ్యే. 1996లో తాతయ్య కొడుకులిద్దరికీ పంచి రిజిస్టరు చేయించాడు. మెట్ట పొలం చెరి సగం, ఒంగోలు ఎడ్లు చెరొకటి. జత విడిపోయాక ఇక పందెం ఎక్కడ? ఆ ఏడే రెండూ అమ్ముడుపోయాయి. ఆస్తి పంపకమంటే నాకిప్పటికీ విడివిడి గుంజలకు కట్టిన ఆ రెండెడ్లే గుర్తొస్తాయి.

2005లో కేంద్ర చట్టం పెళ్ళయిన కూతుళ్ళకూ హక్కిచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి ఆ చట్టం పోదు. పాపం, అత్తయ్యకు రెండుసార్లూ తారీఖే అడ్డం పడింది.

నా పెళ్ళి 1999లో. నాకే అడ్డూ లేదు. నాన్న పోయి ఏడాదయింది. హక్కు వదులుకుంటున్నట్టు రాయించిన కాగితం తమ్ముడు తెచ్చి ఇచ్చి నెలైంది, బీరువాలో ఉంది. వాడు చెడ్డవాడు కాదు. పండక్కి చీర పెట్టని ఏడాది లేదు. ఆ చీర గుర్తొచ్చే చెయ్యి ఎటూ ఆడటం లేదు.

అత్తయ్య పెట్టమనలేదు, వద్దనలేదు. "చదివావా అందులో ఏముందో?" అని మాత్రం అడిగింది.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని. ఆ నాలుగు పేజీలూ తిప్పనైనా తిప్పలేదు. సినిమా అయ్యాక చేతులు కడుక్కుని బీరువా తీశాను.