గుగులోత్ సౌమ్య: తండా నుంచి జాతీయ జట్టు దాకా

నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్యకు 2024-25 సీజన్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు దక్కింది. ఆమెను కొన్నిచోట్ల మిడ్‌ఫీల్డర్ అని, కొన్నిచోట్ల ఫార్వర్డ్ అని రాస్తారు. రెండూ నిజమే. ఆమెది వింగ్ స్థానం. బంతి పోతే వెనక్కి వచ్చి మిడ్‌ఫీల్డ్‌లో కాపు కాయాలి, దొరికితే గోల్ వైపు పరిగెత్తాలి.

పత్రికలు ఆమెను 'గిరిజన బిడ్డ' అని ఒక్క ముక్కలో ముగిస్తాయి. ఆ మాట వెనక ఉన్న సంగతి మన విద్యార్థులకు తెలియాలని ఇక్కడ చెబుతున్నాం. తెలంగాణలో ఎస్టీలుగా ఉన్న లంబాడాలు కర్ణాటకలో ఎస్సీల జాబితాలో ఉన్నారు, మహారాష్ట్రలో విముక్త జాతుల్లో ఉన్నారు. గోర్ బోలీ మాట్లాడే ఒకే జనం, రాష్ట్రం సరిహద్దు దాటితే సర్టిఫికెట్ మారిపోతుంది. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా ఇదే జిల్లా, ఇదే సమాజం. పూర్ణ వెనక సాంఘిక సంక్షేమ గురుకులం నిలబడింది. ఫుట్‌బాల్ ఆడే అమ్మాయికి మాత్రం ఏటా ఆడటానికి ఒక లీగు, జీతం ఇచ్చే ఒక క్లబ్బు కావాలి. అవి సొంత రాష్ట్రంలో దొరకలేదు.

అందుకే సౌమ్య కెరీర్ అంతా బయటి ఊళ్ల పేర్లే. ముంబయికి చెందిన కెంక్రే, తర్వాత కేరళకు చెందిన గోకులం. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లారు. మన దేశం నుంచి యూరప్ క్లబ్బుల్లో ఆడిన మహిళలు ఇప్పటికీ కొద్దిమందే. తిరిగొచ్చాక గోకులం, ఆ తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్.

2024-25 లీగులో ఈస్ట్ బెంగాల్ విజేతగా నిలిచింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీపై 1-0 గెలుపుతో టైటిల్ ఖాయమైంది. ఆ ఒక్క గోల్ సౌమ్యదే. ఆ సీజన్‌లో ఆమె మొత్తం 9 గోల్స్ చేశారు, భారతీయ క్రీడాకారిణుల్లో అవే ఎక్కువ. లీగు మొత్తంలో ముందున్నది గోకులం తరఫున ఆడిన ఉగాండా ఫార్వర్డ్ ఫజీలా ఇక్వాపుట్.

అదే ఏడాది జూన్‌లో ఆసియా కప్ అర్హత పోటీల్లో మంగోలియాపై 13-0తో గెలిచిన మ్యాచ్‌లో సౌమ్య రెండు గోల్స్ కొట్టారు. జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌కు వెళ్లింది. ఆ రెండు గోల్స్ మిడ్‌ఫీల్డర్ సంగీతా బస్ఫోర్‌వి. 2022లో ఆతిథ్య దేశమై ఉండి కూడా కోవిడ్ వల్ల తప్పుకున్న జట్టు, ఈసారి ఆడి సాధించుకుంది.

ఇక డబ్బు సంగతి. 2023లో సమాఖ్య మహిళా లీగు క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయల కాంట్రాక్టు ప్రకటించింది. నెలకు 27 వేలు కూడా కాదు. పురుషుల ఫుట్‌బాల్‌కు ఒకప్పుడు హైదరాబాద్ రాజధాని. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్ రహీం ఇక్కడివారే. 2024-25 మహిళా లీగులోని 8 క్లబ్బుల్లో తెలంగాణది ఒక్కటీ లేదు. రఘునాథపల్లిలో బంతి తన్నే అమ్మాయి ఈ ఆటను బతుకుదెరువు చేసుకోవాలంటే, సౌమ్యలాగే మొదట రైలెక్కి రాష్ట్రం దాటాలి.