కొలపాత్ర చాలని సంఖ్య

పుట్టి ధాన్యాన్ని ఒక్కసారిగా కుంచంలో పోయబూనితే ఏమవుతుందో పల్లెటూరి పిల్లవానికైనా తెలుసును. కుంచం నిండుతుంది, మిగిలినది నేలపాలవుతుంది. అందులో ధాన్యం తప్పు లేదు, కుంచం తప్పూ లేదు. పోసినవాడు కొలత చూసుకోలేదు. ఇంత చిన్న పొరపాటే ఒకనాడు ఒక మహా రాకెట్టును ఆకాశంలో తుత్తునియలు చేసినదంటే నమ్మశక్యం కాదు. కాని అది జరిగిన చరిత్ర.

కంప్యూటరు మనవలె పలకమీద అంకెలు వ్రాసుకొనదు. ప్రతి సంఖ్యకూ ముందుగా ఒక పాత్రను ఏర్పాటు చేయవలె. ఆ పాత్రకు ఒక జాతి, ఒక పరిమాణం ఉంటాయి. పూర్ణసంఖ్యలకు ఒక పాత్ర, దశాంశ సంఖ్యలకు వేరొకటి, అక్షరాలకు మరొకటి. ఈ జాతి భేదాన్నే డేటా టైపు అని వ్యవహరిస్తారు.

ఈ భేదం నేటిది కాదు. 1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బేకస్ నాయకత్వాన వెలువడిన ఫోర్ట్రాన్ భాషలోనే ఇది ఉన్నది. అందులో ఐ మొదలు ఎన్ వరకు గల ఇంగ్లీషు అక్షరాలతో ప్రారంభమయ్యే పేర్లు పూర్ణసంఖ్యలకు, తక్కినవి దశాంశ సంఖ్యలకు కేటాయించినారు. పూర్ణసంఖ్యలుగా తీసుకొని ఒకటిని రెండు చేత భాగిస్తే ఆ భాషలో అర రాదు, సున్న వస్తుంది. యంత్రం అబద్ధం చెప్పలేదు. అరను నిలుపుకొనే పాత్ర దానికి మనం ఇవ్వలేదు. ఇటువంటి పొరబాట్లను ముందుగానే పట్టుకొనే ఉద్దేశంతో 1980ల తొలి సంవత్సరాలలో అమెరికా రక్షణశాఖ పూనికపై అడా అనే భాష రూపొందినది. సంఖ్యాజాతుల విషయంలో అది మిక్కిలి కఠినమైన భాష. మన కథలోని రాకెట్టు దిశాసూచక యంత్రానికి ఆదేశాలు వ్రాసినది ఆ అడా భాషలోనే.

1996 జూన్ 4వ తేదీ ఉదయం. దక్షిణ అమెరికా తీరాన, ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రం. ఐరోపా దేశాలు సమష్టిగా నిర్మించిన ఏరియాన్-5 రాకెట్టుకు అది తొలి ప్రయాణం. సూర్యుని ప్రభావం భూమి అయస్కాంత ఆవరణంపై ఎట్లా ఉంటుందో పరిశీలించడానికి ఉద్దేశించిన నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు అందులో ఉన్నవి. ప్రధాన యంత్రం రగుల్కొన్న తరువాత సుమారు 37 సెకండ్లపాటు అంతా సవ్యంగా నడిచినది. ఆపై రాకెట్టు హఠాత్తుగా పక్కకు ఒరిగి, గాలి ఒత్తిడికి విరిగి, ఇంచుమించు 3,700 మీటర్ల ఎత్తున పేలిపోయినది. అందులో మనుష్యులెవరూ లేరు. కాని ఎందరో శాస్త్రజ్ఞుల ఏండ్ల తరబడి కృషి ఆ పొగలో కలిసిపోయినది.

కారణాన్ని వెదకడానికి ఫ్రెంచి గణితవేత్త జాక్ లూయీ లియాన్స్ అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఏర్పడినది. ఆ సంఘం ఫలితం నుండి కారణానికి మెట్టుమెట్టుగా వెనుకకు నడిచినది. రాకెట్టు ఎందుకు విరిగినది? ఇంజనుల కొసలు ఒక్కసారిగా పూర్తిగా పక్కకు తిరిగినందున. అవి ఎందుకు తిరిగినవి? ప్రధాన కంప్యూటరు ఆజ్ఞాపించినందున. అది ఎందుకట్లా ఆజ్ఞాపించినది? దిశాసూచక యంత్రం పనిమాని, తనకేమి జబ్బు చేసినదో తెలిపే సంకేతాన్ని పంపగా, ఆ సంకేతాన్నే ప్రయాణపు లెక్కగా భావించినందున. బదులుగా ఉంచిన రెండవ దిశాసూచక యంత్రం ఏమైనది? అది అంతకుముందే, కనురెప్పపాటు కాలానికి పూర్వం, అదే కారణాన ఆగిపోయినది. రెండింటిలోనూ ఉన్నది ఒకే ఆదేశావళి గదా!

శిథిలాలలో ఆ రెండు యంత్రాలూ దొరికినవి. వాటి జ్ఞాపకశక్తిలో మిగిలిన అంకెలను చదివి, ప్రయోగశాలలో అవే పరిస్థితులను మరల కల్పించి చూడగా దోషం బయటపడినది. అడ్డదిశలో వేగానికి సంబంధించిన ఒక విలువ 64 బిట్ల దశాంశ పాత్రలో ఉన్నది. దానిని 16 బిట్ల పూర్ణసంఖ్య పాత్రలోనికి మార్చవలసి వచ్చినది. ఆ చిన్న పాత్రలో 32,767కు మించిన సంఖ్య పట్టదు. వచ్చిన సంఖ్య అంతకు మించినది.

మరి కఠినమైన భాష కాపాడలేదా? అది తన పని తాను చేసినది. సంఖ్య పట్టలేదని వెంటనే కేక వేసినది. ఆ కేక విని సరిదిద్దే ఏర్పాటును వ్రాయలేదు. ఇట్టి ప్రమాదం గల విలువలు ఏడు ఉండగా నాలుగింటికి రక్షణ కల్పించి, యంత్రంపై పనిభారం మితిమీరకూడదని మూడింటిని విడిచినారు. పూర్వపు ఏరియాన్-4 రాకెట్టులో ఆ విలువ ఎన్నడూ హద్దు దాటలేదు. ఏరియాన్-5 మార్గం వేరు. తొలి ఘడియలలోనే దాని అడ్డవేగం మిక్కిలి అధికం. పాత లెక్కను కొత్త రాకెట్టులో అట్లాగే ఉంచినారు, కొత్త మార్గపు అంకెలతో ఆ యంత్రాన్ని పరీక్షించలేదు. ఇంతకంటె విచారకరమైన విషయం మరొకటి ఉన్నది. ఏరియాన్-5 నేల విడిచిన తరువాత ఆ లెక్కతో ప్రయోజనమే లేదు!

1996 జులై 19న వెలువడిన నివేదిక ఏ ఒక్కరిని నిందించి ఊరుకొనలేదు. తప్పు కనబడేవరకు ఆదేశావళి ఒప్పే అనుకొనే అలవాటును అది ఆక్షేపించినది. ఒప్పు అని రుజువు కానంతవరకు అందులో తప్పు ఉన్నదనే భావించవలెనని హితవు చెప్పినది.

క్లస్టర్ ఉపగ్రహాలను మరల నిర్మించి, 2000 జులై, ఆగస్టు నెలలలో బైకనూరు నుండి రష్యా రాకెట్లపై పంపినారు. ఏరియాన్-5 కూడా లోపాలు దిద్దుకొని, 2023 జులైలో విశ్రాంతి పొందేలోగా మొత్తం 117 మారులు ఎగిరినది.

నేడు విద్యార్థులు, గుమాస్తాలు, ఇంజనీర్లు అందరూ యంత్రాలచేత లెక్కలు చేయిస్తున్నారు. జవాబు వింతగా వచ్చినపుడు సూత్రాన్ని మాత్రమే తిరగవేస్తే చాలదు. ఈ సంఖ్య ఏ జాతిది, ఏ పాత్రలోనికి పోతున్నది, ఆ పాత్రలో ఎంత పడుతుంది, నిన్న సరిపోయిన కొలత నేటికీ సరిపోతుందా అని విచారించవలె. లియాన్స్ సంఘం ఆకాశం నుండి రాలిన శిథిలాలను చూసి అడిగిన ఈ ప్రశ్నలను మనం బల్లముందు కూర్చుని, పని మొదలుపెట్టేముందే అడగవచ్చును.