పిండమునకు తొలి యాహారము

సంతులేని యింట తప్పంతయు స్త్రీపై మోపి, గొడ్రాలని పేరు పెట్టి, పేరంటమునకు పిలువ మానుట మనమెఱుగని యాచారము కాదు. లోపము పురుషునియందును ఉండవచ్చునను మాట నేటికిని కొందఱికి రుచింపదు. అట్టి దంపతులకు ఊఱట కల్పించిన శాస్త్రచరిత్రలో నొక భాగమును మేమిచట వివరింపఁదలఁచినాము.

అండమును తల్లి దేహమునకు వెలుపల ఫలింపఁజేయుట యొక యెత్తు. ఫలించినదానిని నాలుగు దినములు బ్రదికించుట యొక యెత్తు. లోకము మొదటిదానినే వేనోళ్ల కొనియాడినది. మా మతమున రెండవదియే కష్టతరము.

1956లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుఁడు వెస్లీ విట్టెన్ చుంచెలుక పిండములను ఎనిమిది కణముల దశనుండి బ్లాస్టోసిస్టు అను బుడగవంటి దశవఱకు గాజుపాత్రలోఁ బెంచెను. లవణములు, గ్లూకోజు, పశువుల నెత్తుటినుండి తీసిన ఆల్బుమిన్ కలిపిన ద్రవమే వానికాహారము. 1958లో ఆన్ మెక్లారెన్, జాన్ బిగ్గర్స్ అనువారు అట్లు పెంచిన పిండములను ఎలుకల గర్భమునందుంచఁగా పిల్లలు సజీవములై పుట్టెను. కాని రెండు కణముల పిండము మాత్రము విట్టెన్ తొలి ద్రవములో ఎదుగక నిలిచిపోయెడిది. పసిబిడ్డకు పప్పన్నము పెట్టి అరుగలేదని వగచినట్లుండెను. గ్లూకోజును వాడుకొను శక్తి దానికింకను రాలేదు. లాక్టేటు, పైరువేటు అనునవి దానికి తల్లిపాలవంటివని 1957లో విట్టెన్, 1965లో బ్రిన్‌స్టర్ చేసిన పరిశోధనలు తెల్పెను. గాలిలో నూటికి ఇంచుమించు 21 పాళ్లుండు ప్రాణవాయువును 5 పాళ్లకు తగ్గించినచో పిండమింకను బాగుగఁ బెరుగునని తరువాతఁ దేలినది. ఆఁకలి తెలిసి పెట్టుట వంటయింటి స్త్రీలకుఁ బాత విద్యయే. శాస్త్రజ్ఞులు దానిని నేర్చుకొనుటకుఁ బదేండ్లు పట్టినది.

మనుష్యపిండము బ్లాస్టోసిస్టు దశవఱకు ఎదిగిన వార్త 1971లో వెలువడినది. దానిని వ్రాసినవారు ముగ్గురు: వైద్యుఁడు స్టెప్టో, శాస్త్రజ్ఞుఁడు ఎడ్వర్డ్స్, నర్సుగా శిక్షణము పొందిన జీన్ పర్డీ. 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ నగరమున లూయీస్ బ్రౌన్ అను బాలిక జన్మించెను. ఆ పిండమును ఎనిమిది కణముల దశలోనే తల్లి గర్భమునఁ బ్రవేశపెట్టిరి.

ప్రయోగశాలలో పాత్రలు సిద్ధపఱచుట, పిండములను కనిపెట్టుకొని యుండుట, లెక్కలు వ్రాయుట పర్డీ పని. జబ్బుపడిన తల్లిని చూచుకొనుటకు ఆమె సెలవు తీసికొన్నపుడు ఆ పరిశోధనమే ఆఁగిపోయినది. అయినను ఓల్డ్‌హామ్‌లో నెలకొల్పిన తొలి ఫలకమున ఆమె పేరు లేదు. చేర్పుఁడని ఎడ్వర్డ్స్ వ్రాసినను అధికారులు వినరైరి. ఆమె 1985లో, 39 ఏండ్ల ప్రాయమున మరణించెను. 2010లో ఎడ్వర్డ్స్‌కు నోబెల్ బహుమానము వచ్చిన నాఁటికి ఆమెయు లేదు, 1988లో గతించిన స్టెప్టోయును లేఁడు.