గిడుగు వారు ఉద్యోగం మానేశాక ఏం చేశారు?

ఆగస్టు 29 రాగానే తెలుగు భాషా దినోత్సవం అంటాం, గిడుగు రామమూర్తి పంతులు గారి ఫోటోకి దండ వేస్తాం. బాగానే ఉంది. కానీ ఆయన సుమారు 48 ఏళ్ల వయసులో, 1911లో, ఉద్యోగం వదిలేసుకున్నారన్న సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈరోజు దాని గురించే.

తండ్రి చిన్నప్పుడే పోయారు. ఇంటి బరువు మీద పడింది. 18 నిండకుండానే, 1880లో, పర్లాకిమిడి రాజా వారి బడిలో 30 రూపాయల జీతానికి చేరారు. చెప్పింది చరిత్ర పాఠం. మనసు మాత్రం భాషల మీద. శ్రీముఖలింగం గుడిలో శాసనాలు ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు కదా. అప్పట్లో వాళ్ల భాషకి లిపి లేదు, పుస్తకం లేదు. పంతులు గారు ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. తెలుగు లిపిలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారు! కొండల్లో తిరిగి తిరిగి మలేరియా వచ్చింది. క్వినైన్ మింగి మింగి చెవులు దెబ్బతిన్నాయి.

సవర పిల్లాడికి ఇంటి మాటలో చెబితే పాఠం ఎక్కుతుంది. మరి తెలుగు పిల్లాడికి ఎవరూ మాట్లాడని భాషలో పుస్తకం ఎందుకు? బళ్ల తనిఖీ అధికారి యేట్స్ దొర కూడా దాదాపు ఇదే అడిగాడు. గిడుగు వారికి, గురజాడ వారికి ఆ ప్రశ్న పట్టుకుంది.

30 ఏళ్ల సర్వీసు అయ్యాక మానేస్తే గొప్పేముంది, అది రిటైర్మెంటే కదా అంటారేమో. నిజమే. అయితే ఆయన పడక్కుర్చీలోకి వెళ్లలేదండీ, తగాదాలోకి వెళ్లారు. అవతల జయంతి రామయ్య పంతులు గారూ, పండిత పరిషత్తూ. ఈయనకేమో ఎదుటివాళ్ల మాట సరిగ్గా వినపడదు. చంకలో పుస్తకాల కట్టలతో ఊరూరా సభలకి వెళ్లేవారు. పండితులు తప్పు అన్న మాటలే ఆ పండితుల రాతల్లో ఉన్నాయని చూపించేవారు.

అయినా ఓడిపోయారు. బడి పరీక్షల్లో వాడుక భాషకి ఇచ్చిన అనుమతి వెనక్కి పోయింది. 1915లో గురజాడ వారు పోయారు. 1919లో కందుకూరి వారి అధ్యక్షతన సమాజం పెట్టారు, కొద్ది నెలలకే ఆయనా పోయారు. అదే ఏడాది గిడుగు వారు ‘తెలుగు’ అనే పత్రిక మొదలుపెట్టారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. 70 దాటిన మనిషి ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. అక్కడా ఖాళీగా లేరు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. 1940 జనవరి 22న పోయారు.

వచ్చే ఎపిసోడ్‌లో 1914 నాటి గురజాడ వారి అసమ్మతి పత్రం గురించి చెప్పుకుందాం. ఉంటాను.