దర్యాకి ఆ ఒడ్డు, ఈ ఒడ్డు

మా భాంజా ఫోనులో రోడ్స్ అనే యూనాన్ జజీరా ఫోటోలు చూపించాడు. నీలం సముందర్, ఇసుకలో గొడుగులు, తెల్లవార్లూ నాచ్ గానా. "మామూ, మనకిలాంటి జాగా ఎందుకు లేదు?" అన్నాడు. అది 1522 నుంచి 1912 దాకా ఉస్మానీ సల్తనత్‌దేననీ, సుల్తాన్ సులేమాన్ పేరు మీద మస్జిద్ ఇంకా అక్కడ ఉందనీ చెప్పాను. తారీఖ్ అంటే వాడికి బేజారు. సరే పదరా అని దుమ్ముగూడెం తీసుకొచ్చాను.

ఆనకట్ట దగ్గర నిలబడితే గోదావరి అవతల కనిపించేది ఒకప్పటి నిజాం ముల్క్. ఇవతలిది కూడా ఆయనదే, 1860 దాకా. ఆ ఏడాది అంగ్రేజులతో అయిన ముఆహిదాలో అఫ్జలుద్దౌలా ఎడమ ఒడ్డు ఇలాకా వదులుకున్నారు. బదులుగా రాయచూరు దోఆబ్, నల్దుర్గ్ వెనక్కి వచ్చాయి, 50 లక్షల ఖర్జ్ మాఫ్ అయింది. గోదావరి మీద సరుక్కి మహసూల్ ఉండకూడదని కూడా అందులో రాసుకున్నారు. అసలు కిస్సా అక్కడుంది. బేరార్ పత్తిని పడవల మీద సముందర్‌కి దించాలని అంగ్రేజుల ఖ్వాహిష్. దారిలో మూడు చోట్ల రాళ్లు అడ్డం. మొదటి అడ్డం దుమ్ముగూడెమే. అందుకే ఈ ఆనకట్ట, పక్కన కాలువ, పడవల్ని ఎక్కించి దించే లాకులు. ఆర్థర్ కాటన్‌ది ఖ్వాబ్, దగ్గరుండి కట్టించింది హేగ్ అనే ఫౌజీ ఇంజినీరు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో పని బంద్ చేశారు. ఇంత కట్టి వదిలేశారా అని భాంజా మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు.

పర్ణశాల వైపు ఇసుక తిన్నెలు యూనాన్‌కి ఏం తక్కువ! జ్వరాలకు, దోమలకు పేరుపడ్డ జంగల్ అనుకోండి, అది వేరే మాట. రాత్ కీ రౌనఖ్ కావాలంటే కిందికి, పాపికొండల దారిలో కొల్లూరు వెదురు గుడిసెలకి పోవాలి. మంట, బొంగులో చికెన్, నీటి చప్పుడు. ఒకసారి ఖాందాన్ మొత్తం పోయాం. కోడి ముందే కోసి మసాలా పట్టించి ఉంది, జిబహ్ ఎవరు చేశారో తెలియదు. పప్పుతో సరిపెట్టుకున్నాం, పిల్లలు అలిగారు. ఇంకోసారి ముందే చెప్పి, మేమే కోసుకున్నాం. వండిన కోయ అన్న ఏమాత్రం బురా అనుకోలేదు. ఉప్పు, కారం, ఆకు మూత, నూనె చుక్క లేదు. మా దస్తర్‌ఖాన్ మీద అలాంటి గోష్త్ మళ్లీ రాలేదు.

ఇప్పుడు అటు పోనివ్వడం లేదు మా ఆపా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన ఖబర్ వచ్చిన నాటి నుంచి ఆమెకి దర్యా అంటే ఖౌఫ్. లైఫ్ జాకెట్ వేయిస్తానన్నా వినదు. పోలవరంలో నీళ్లు నిండితే ఆ తిన్నెలే ఉండవు, ఇప్పుడు చూడకపోతే ఎప్పుడు చూస్తాడు అని నా జిద్.

భాంజా లాకు గోడ మీద కూర్చుని ఫోటో తీసి అమ్మీకి పంపాడు. వెంటనే ఫోను మోగింది. "నీళ్లకి ఎంత దూరంలో ఉన్నావురా?" అట.