జ్ఞా కొట్టిన దెబ్బ

2018 ఫిబ్రవరి నడిమధ్య. ఐఫోన్ టింగుమంది. మెసేజ్ వచ్చింది. అంతే, తెర నల్లబడింది. నడుమ ఓ చక్రం గిర్రున తిరిగింది. మెసేజ్‌ల యాప్ నొక్కితే తెరుచుకోకముందే మూసుకుపోయింది. వైరస్ లేదు, లింకూ లేదు. వచ్చింది ఒకే ఒక్క తెలుగక్షరం. జ్ఞా.

వాట్సాప్ కూలింది. ఫేస్‌బుక్ మెసెంజర్ కూలింది. ఆకతాయిలు ట్విట్టర్లో ఆ అక్షరాన్ని చల్లారు, చూసిన ఐఫోనల్లా చతికిలబడింది. ప్రపంచ పత్రికలన్నీ మన అక్షరాన్ని ముద్దాయిగా నిలబెట్టాయి. తప్పు నిజంగా అక్షరానిదేనా?

మోజిల్లా ఇంజినీరు మనీష్ గోరేగావ్కర్ ఆ అక్షరాన్ని పట్టుకున్నాడు. సర్వో అనే బ్రౌజర్ ఇంజిన్ మీద పనిచేసే మనిషి. మ్యాక్‌లో దాన్ని అతికించి చూశాడు. కూలింది. మళ్లీ తెరిచాడు. అక్షరాన్ని ముక్కలు చేశాడు. జ. పొల్లు. ఞ. దీర్ఘం. కానీ ఈ నాలుగే అయితే అది మామూలు జ్ఞా. జ్ఞాపకమనీ విజ్ఞానమనీ ఎంతమంది ఎన్నిసార్లు కొట్టినా ఏ ఫోనూ చావలేదు. మరి దీనిలో ఇంకేం దాక్కుంది?

కంటికి కనపడని ఐదో ముక్క. జడ్‌డబ్ల్యూఎన్‌జే. రెండక్షరాలు అతుక్కోకుండా మధ్యలో పెట్టే గుర్తు. అది దీర్ఘానికి ముందు నక్కింది. మామూలుగా అయితే ఞ వత్తుగా మారి కిందికి దిగుతుంది, దాని తర్వాత కొట్టిన దీర్ఘం వత్తును వదిలేసి వెనక్కి గెంతి పైనున్న జను పట్టుకుంటుంది, ఈ గెంతు తెలుగు రాతలో ఎన్నోసార్లు కళ్లు మూసి తెరిచేలోగా జరిగిపోతుంది, ఆ దారిలోనే ఇప్పుడు కనపడని ముక్క అడ్డం పడింది. అనుమానం అక్కడికే పోయింది. ఇది తెలుగుకొచ్చిన తిప్పలేనా?

కాదు. బెంగాలీలో కొన్ని అక్షరాలు పెట్టి చూస్తే కూలింది. దేవనాగరిలోనూ కూలింది. తెలుగులో ఐత్వం పెడితే మాత్రం చెక్కుచెదరలేదు. రెండు ముక్కలుగా గీసే గుణింతం అది. ఎందుకిలా? లోపలికెళ్లి చూద్దామంటే తలుపుకు తాళం. అక్షరాలు పేర్చే ఆ కోర్‌టెక్స్ట్ కోడ్‌ను ఆపిల్ బయటివాళ్లకు చూపదు. బయట నిలబడి తట్టి చూడటమే దారి.

అదే వేళ పెన్న ఒడ్డున ఉన్న పామిడి. ఇసుక మీద ఎండ ముదురుతోంది. హైవే మీద లారీల రొద. ఇక్కడ జేబుల్లో ఎక్కువగా ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లు. ఆ విషపు జ్ఞా వచ్చి పడినా వాటికి ఏమీ కాదు. వాటిని కాపాడిందెవరు?

హార్ఫ్‌బజ్. బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ నడిపించిన ఓపెన్ సోర్స్ కోడ్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అక్షరాలు పేర్చుకునేది దాంతోనే. అంతకు కొన్నేళ్ల ముందే దానికి తెలుగు పరీక్ష పెట్టారు. ప్రశ్నపత్రం ఎక్కడిది? వికీపీడియాది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాలో, పైసా అడగకుండా రాత్రుళ్లు మేలుకుని వ్యాసాలు రాసిన మనవాళ్ల మాటలే అక్కడ పరీక్షలయ్యాయి. మొత్తం 9,70,573. మైక్రోసాఫ్ట్ పేర్పుతో పోల్చి చూశారు. 9,70,555 సరిపోయాయి. తేడా వచ్చినవి 18. ఆ లెక్కా దాచలేదు, కోడ్ పక్కనే రాసిపెట్టారు. మన భాషకు దక్కిన ఇంత గట్టి కాపలా సంగతి మనకే సరిగా తెలియదు.

ఫిబ్రవరి 19. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 వదిలింది. మెమరీ చెదిరిపోయే లోపం, సరిచేశాం అని పొడిగా ఓ ముక్క. ఫోన్లు తేరుకున్నాయి. కానీ మనీష్ పనిచేసిన సర్వో?

2020 ఆగస్టులో మోజిల్లా ఉద్యోగాలు తీసేసింది. సర్వో బృందం చెదిరింది. నవంబరులో లైనక్స్ ఫౌండేషన్ ఆ కోడ్‌కు నీడనిచ్చింది. రెండేళ్లు దాదాపు నిద్ర. 2023లో ఇగాలియా అనే సంస్థ ఇంజినీర్లు మళ్లీ పని అందుకున్నారు. 2025 అక్టోబరులో మొదటి అంకె వేసి 0.0.1 విడుదల చేశారు. అందులోనూ అక్షరాలు పేర్చే పని హార్ఫ్‌బజ్‌దే. తెలుగు ఎక్కడ తడబడినా ఎవరైనా ఆ కోడ్ తెరిచి, తప్పు చూపించి, దిద్ది పంపొచ్చు. పామిడి నుంచైనా సరే.